ఒక్క చలికాలపు గోల్‌కీపరు

క్రాస్‌బెక్
12 నవంబరు 1951

క్రాబ్‌ట్రీ గారికి,

నమస్కారం. నేను లెన్ స్టాట్‌ని. మన క్లబ్బు రిజర్వు జట్టులో గోలు కాస్తుంటాను. బట్టలు మార్చుకునే గదిలో పొయ్యికి అందనంత దూరంగా, మూల కొక్కేనికి కోటు తగిలించుకునేవాణ్ణి నేనే. మీరు నన్ను చూసే ఉంటారు గానీ గుర్తుపెట్టుకోవలసిన అవసరం మీకు పడి ఉండదు.

మీ కాలు ఎలా ఉంది? ఆ శనివారం నేను స్టాండులోనే ఉన్నాను. మిమ్మల్ని తడికె మీద మోసుకుపోతుంటే జనమంతా టోపీలు తీసి నిలబడ్డారు. మా అమ్మ చర్చిలో మీ పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించింది.

సోమవారం మేనేజరు టార్డాఫ్ గారు మా మిల్లుకు వచ్చారు. నన్ను శనివారం మధ్యాహ్నానికి వదలమని మా మేస్త్రీని అడగడానికి. ఆయన మిల్లు మనిషి కారు కదా, మగ్గాల హోరులో గొంతు చించుకుని అరిచారు. నేతగదిలో అరుపు ఎవరికి వినబడుతుంది? పెదవులు చూసి చదువుకోవడమే మాకు అలవాటు. ఎదుటి వరుస ఆడవాళ్ళంతా ఆయన నోరు చదివేశారు. శనివారం గోలులో నిలబడేది నేనేనని నాకంటే ముందు గది మొత్తానికి తెలిసిపోయింది.

మీ ఆకుపచ్చ జెర్సీ నాకిచ్చారు. చేతులు కొంచెం పొడుగు. మోచేతుల దగ్గర ఎవరో శ్రద్ధగా వేసిన అతుకులున్నాయి. మీరు వేసుకున్నది నేను వేసుకోవచ్చో లేదో అడిగి వేసుకుందామని ఈ ఉత్తరం. ఆట గురించి కూడా రెండు ముక్కలు రాస్తే మీ మేలు మరచిపోను.

ఇట్లు,
లెన్ స్టాట్


మోర్‌కాంబ్
15 నవంబరు

అబ్బాయ్ లెన్,

జెర్సీ వేసుకోవడానికి నన్నడుగుతావేంట్రా? అదేమన్నా నా సొంతమా? క్లబ్బుది. వేసుకో. ఆ అతుకులు మా ఎల్సీ చేతివి. ఆవిడ పోయాక నేనే కుట్టుకుంటున్నాను. ఎడమ మోచేయి చూస్తే నీకే తెలుస్తుంది.

నేను మా అక్క ఫ్లోరీ నడిపే బోర్డింగ్ హౌసులో ఉన్నాను. "ఇంట్లో ఒక్కడివే ఉంటే ఎముక బీరుతో అతికించుకుంటావు, నా కళ్ళముందు పడుండు" అని లాక్కొచ్చింది. కిటికీలోంచి సముద్రం కనబడుతుందని అందరూ అంటారు. నాకు కనబడేది బురద, బురదలో రొయ్యలు ఏరుకునే మనుషులు. మూడు పూటలా ఆ రొయ్యలే.

ఇక ఆట. బంతి పట్టడం సగం పనే. పట్టుకున్న కీపర్ని భుజంతో గుద్ది బంతితో సహా వలలోకి తోసినా గోలేనట. ఆ రూలు రాసిన మహానుభావుడు జన్మలో గోలులో నిలబడి ఉండడు. కాబట్టి పైకెగిరి పట్టేటప్పుడు ఒక మోకాలు ముందుకు లేపు. చూసేవాళ్ళకి ఎగరడంలా ఉంటుంది, మీదికొచ్చేవాడికి మోకాలు కనబడుతుంది.

రైల్వే వైపు గోలు వెనక, కమ్మీ దగ్గర నల్ల శాలువా ముసలావిడ ఉంటుంది. ఏడా సగ్డెన్. ఆట మొదలయ్యేముందు నీకో పిప్పరమెంటు బిళ్ళ ఇస్తుంది. వద్దనకు. రేషన్లో వచ్చే నాలుగు బిళ్ళల్లోంచి తీసి ఇస్తుంది. తీసుకుని, థాంక్స్ చెప్పి, ఆవిడ చూస్తుండగానే నోట్లో వేసుకో.

వెళ్ళి నిలబడు. భయం వేస్తే మంచిదే. భయం లేని కీపర్ని నేను ఒక్కణ్ణే చూశాను, వాడు ఇప్పుడు పాలబండి తోలుతున్నాడు.

హెడ్లీ క్రాబ్‌ట్రీ


క్రాస్‌బెక్
10 డిసెంబరు

హెడ్లీ గారికి,

మొదటి ఆట సంగతి మీరు పత్రికలో చూసే ఉంటారు. మూడు తిన్నాను. రెండోది మీరు చెప్పినట్టే, బంతిని గుండెకి హత్తుకుని ఉన్నాను, ఎవడో వచ్చి గుద్దాడు, కళ్ళు తెరిచేసరికి వలలో చిక్కిన చేపలా ఉన్నాను. మోకాలు లేపడం మరచిపోయాను.

మన జనం సంగతి మీకు తెలుసుగా. "ఒరేయ్ లెన్నీ, ఆ తలుపు వేసెయ్యరా, చలిగాలి కొడుతోంది" అన్నాడొకాయన. "వాణ్ణేమనకు, వాడు కాసేది వలని, బంతిని కాదు" అన్నాడింకొకడు. అప్పుడు ఏడా సగ్డెన్ వెనక్కి తిరిగి, "నోళ్ళు ముయ్యండిరా. హెడ్లీ మొదటి ఆటలో అయిదు తిన్నాడు, ఇదే కమ్మీ పట్టుకుని చూశాను" అంది. అది నిజమేనా? నిజం కాకపోయినా నాకు చెప్పకండి. ఆ మాటతోనే రెండో సగం నిలబడ్డాను.

తర్వాతి ఆట గెలిచాం. దాని తర్వాతిది సమం. మోకాలు ఇప్పుడు దానంతటదే లేస్తోంది.

ఇంకో సంగతి. మొన్న కార్నర్ కొట్టేముందు వాళ్ళ కెప్టెన్ అవతల నిలబడి తన మనిషికి ఏదో చెబుతున్నాడు. జనం గోలలో వినబడదు గానీ నాకు పెదవులు కనబడ్డాయి. "దగ్గరి పోస్టుకి" అన్నాడు. నేను ముందే అక్కడికెళ్ళి నిలబడ్డాను. బంతి వచ్చి నా చేతుల్లో పడింది. మగ్గాల దగ్గర నేర్చిన చదువు ఇక్కడ పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ప్రతి ఆటకీ ముందు మీ ఉత్తరం ఒకసారి చదువుకుంటున్నాను. ఎంత రుణపడ్డానో చెప్పలేను.

మీ
లెన్


మోర్‌కాంబ్
14 డిసెంబరు

లెన్,

అయిదు కాదు. ఆరు. ఏడా నా మీద అభిమానంతో ఒకటి తగ్గించింది.

పెదవులు చదివే విద్య నాకు లేదు. ఇన్నేళ్ళు గోలులో నిలబడ్డా, అవతలివాడి మోకాళ్ళూ భుజాలూ చూసి పసిగట్టడమే తప్ప వాడి మాట పట్టే దారి నాకు దొరకలేదు. నీకు దొరికింది. ఎవరికీ చెప్పకు. జట్టులో కూడా చెప్పకు, మనవాళ్ళకి నోట్లో నువ్వుగింజ నానదు.

కాలికి కట్టు విప్పారు. కర్ర పట్టుకుని ఒడ్డు వెంబడి నడుస్తున్నాను. ఫ్లోరీ నా చేత గిన్నెలు కడిగిస్తోంది. ఇంతవరకు ఒక్క పళ్ళెం జారలేదు. బస చేసినవాళ్ళు వచ్చి మరీ చూస్తున్నారు.

వచ్చేవారం మైదానం గడ్డకట్టి ఉంటుంది. బంతి నేలకు తగిలాక ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. ముందుకొచ్చి ఆడు, గీత మీద నిలబడిపోకు. మీ అమ్మ ఉన్ని చేతితొడుగులు అల్లితే తడిపి వేసుకో, పొడివి జారతాయి.

హెడ్లీ


క్రాస్‌బెక్
21 జనవరి 1952

హెడ్లీ అన్నా,

అన్నా అని పిలవొచ్చా? ఇది రాయడానికి ఆ పిలుపు లేకపోతే ధైర్యం చాలడం లేదు.

టార్డాఫ్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. క్లబ్బు పరిస్థితి బాగోలేదట. వచ్చే ఏడాదికి ఇద్దరు కీపర్లను పెట్టుకోలేరట, ఒక్కరికే ఒప్పందం కాగితం ఇస్తారట. "ఏప్రిల్ దాకా ఇలాగే కాశావంటే అది నీదే కావచ్చు" అన్నారు. మీ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బయటికొచ్చాక ఎత్తనందుకు సిగ్గేసింది.

మీ దగ్గర దాచి, మీ సలహాలు మాత్రం తీసుకుంటూ ఉండటం నావల్ల కావడం లేదు. అందుకే చెబుతున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. నాకు ఆ కాగితం కావాలి. అబద్ధమాడను. మిల్లులో సగం మగ్గాలు ఆపేశారు. వారంలో మూడు రోజులే పని. మా అమ్మ దగ్గు చూస్తే ఆవిణ్ణి ఆ దూది ధూళిలోకి ఇంక పంపబుద్ధి కావడం లేదు. అది ఒక్కటే కారణం అన్నా అబద్ధమే. ఆ గోలులో నిలబడటం నాకు ఇష్టం. అంత ఇష్టమైన పని నాకు ఇంతవరకు తగల్లేదు.

కానీ ఆ చోటు మీది. మీరు తిరిగొచ్చి పక్కకి తప్పుకోమంటే తప్పుకుంటాను. ఇక నాకు రాయొద్దనుకుంటే రాయకండి. నేనేమీ అనుకోను.

లెన్


మోర్‌కాంబ్
25 జనవరి

లెన్,

ఫిబ్రవరి రెండో శనివారం మీకు గార్టన్ ఉన్న జట్టుతో ఆట ఉంది. గార్టన్ అంటే పెనాల్టీలు కొట్టే బట్టతలవాడు. వాడు బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కెళ్ళి, ముక్కు తుడుచుకుంటాడు. అవన్నీ నాటకాలు. కొట్టేది ఎప్పుడూ నీ ఎడమకే, నేల బారుగా. కొట్టకముందే ఎడమకి పడు.

కుడి అంచు వెంట పరుగెత్తే వాళ్ళ వింగ్ వాడు వేగమే గానీ రెండో సగంలో ఆయాసపడతాడు. వాడి గురించి దిగులుపడకు.

నా కాలు బాగుంది. నిన్న ఇసుకలో కొంచెం పరుగెత్తాను కూడా.

మీ అమ్మకి ఉల్లిపాయ ఉడికించి పాలల్లో ఇవ్వమని ఫ్లోరీ చెప్పమంది.

హెడ్లీ


క్రాస్‌బెక్
11 ఫిబ్రవరి

క్రాబ్‌ట్రీ గారికి,

ఓడిపోయాం. ఒక్క గోలు తేడా. అది గార్టన్ పెనాల్టీ.

మీరు చెప్పినట్టే బంతి పెట్టాడు, వెనక్కి నడిచాడు, ముక్కు తుడుచుకున్నాడు. అయితే వెనక్కి నడుస్తూ తన కెప్టెన్ వైపు చూసి ఒక మాటన్నాడు. నేను చదివాను. "వీడి కుడికి" అన్నాడు. స్పష్టంగా కనబడింది. నా కళ్ళు కుడి అంటున్నాయి, మీ ఉత్తరం ఎడమ అంటోంది. నేను ఎడమకి పడ్డాను. బంతి కుడికి వెళ్ళింది.

ఆట అయ్యాక అందరం వేడినీళ్ళ తొట్టిలో ఉన్నప్పుడు నన్ను అడిగారు, అంత తొందరగా అటెందుకు పడ్డావని. మీరు రాశారని చెప్పాను. ఆల్బీ పకపకా నవ్వాడు. "ఒరే పిచ్చోడా, ముసలాడు తన కుర్చీ తాను కాచుకుంటున్నాడ్రా. నీకు దారి చూపిస్తాడా, గొయ్యి చూపిస్తాడా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆల్బీ చెడ్డవాడు కాడు, మీకు తెలుసు. మన జట్టులో మైదానం మధ్యన, ఎడమ హాఫ్‌లో వాడి అంత కష్టపడేవాడు లేడు. వాడి మాట నేను నమ్మలేదు. కానీ వాళ్ళతో కలిసి నవ్వలేకపోయాను కూడా. కాగితం సంగతి నేను మీకు రాస్తే, దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. పెనాల్టీ గురించి మాత్రం రాశారు. ఎందుకు?

లెన్ స్టాట్


మోర్‌కాంబ్
14 ఫిబ్రవరి

లెన్,

అడిగావు కాబట్టి చెబుతాను. ముందు గార్టన్ సంగతి. నేను వాణ్ణి ఎదుర్కొని రెండేళ్ళు దాటింది. అప్పట్లో వాడు ఎడమకే కొట్టేవాడు. ఇప్పుడు మార్చాడని నాకు తెలియదు. పాత లెక్కని కొత్తదానిలా నీకు అంటగట్టాను. తప్పు నాది. నీ కళ్ళు చెప్పింది వదిలేసి నా ఉత్తరాన్ని నమ్మావు చూడు, అది నీ తప్పు. ఇకమీదట గోలులో నా మాట కంటే నీ కళ్ళని నమ్ము. నేను బురద చూస్తూ కూర్చున్నవాణ్ణి, అక్కడ నిలబడేది నువ్వు.

ఇక నా కుర్చీ సంగతి. కుర్చీ ఎక్కడుందిరా నాకు. కాలు పొట్టిగా అతికింది. జనవరి మొదట్లోనే డాక్టరు చెప్పేశాడు, నడుస్తావు గానీ ఆడలేవు అని. ఆ వారమే టార్డాఫ్‌కి రాశాను, నా పేరు కొట్టేసి ఆ కాగితం ఆ స్టాట్ కుర్రాడికి ఇవ్వమని. నిన్ను గదిలోకి పిలిచింది ఆ ఉత్తరం అందాకే. నీకు చెప్పొద్దని ఆయనకి నేనే ఒట్టు పెట్టాను. ఇసుకలో పరుగు శుద్ధ అబద్ధం. కర్ర లేకుండా గుమ్మం దాటలేను.

ఎందుకు దాచానంటావా? నీ ఉత్తరం వచ్చిన రోజు ఫ్లోరీ దాన్ని టోస్టు పళ్ళెం పక్కన పెడుతుంది. "నీ ఆఫీసు కాగితాలొచ్చాయి" అంటుంది. బస చేసినవాళ్ళు నావైపు చూస్తారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, ఈ శనివారం ఎవరితో ఆట, ఎవడు ఎటు కొడతాడు అని ఆలోచించుకుంటాను. ఆ కాసేపూ నేను క్రాస్‌బెక్ గోల్‌కీపర్నే. నా పని అయిపోయిందని నీకు తెలిస్తే, నువ్వు మంచివాడివి కాబట్టి, ఆరోగ్యం ఎలా ఉందని మాత్రమే అడుగుతావు. గార్టన్ గురించి అడగవు. అది నేను భరించలేననిపించింది.

కోపం తెచ్చుకున్నందుకు నాకేం బాధ లేదు. కోపం రాని కీపరు పనికిరాడు. కాగితం నీదే. ఇక ఎవరి చోటూ లాక్కుంటున్నాననుకోకుండా ఆడు.

హెడ్లీ


క్రాస్‌బెక్
17 మార్చి

అన్నా,

మీ ఉత్తరానికి జవాబు రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఏం రాసినా తక్కువే అనిపించి చింపేశాను. ఇప్పుడు ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి ఎక్కువ రాయలేను, అదొక మేలు. నన్ను క్షమించండి. మీ అంత మంచి మనిషిని నేను చూడలేదు.

కుడి మణికట్టు విరిగింది. రావెన్స్‌క్లఫ్‌తో ఆటలో. మన పొరుగూరే కదా, జనం కిక్కిరిసిపోయారు. రెండో సగంలో ఒకడి కాళ్ళమీద పడి బంతి లాక్కున్నాను. బంతి దక్కింది, చెయ్యి పోయింది. దెబ్బ తగిలితే బదులు మనిషి ఉండడు కదా. నా జెర్సీ ఆల్బీ వేసుకుని గోలులోకి వెళ్ళాడు. నా చేతిని స్కార్ఫుతో గుండెకి కట్టి ఎడమ వింగ్‌లో నిలబెట్టారు. "నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే అడ్డంగా నిలబడు, నిన్ను కాయడానికి వాళ్ళ మనిషి ఒకడు దండగవుతాడు" అన్నారు టార్డాఫ్ గారు.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా బంతి వాళ్ళ గోలు ముందు కాసే బ్యాక్ దగ్గరికి వచ్చింది. రావెన్స్‌క్లఫ్‌లో నేత పనివాడు వాడు. జనం గోలలో వాళ్ళ కీపరుకి వినబడదని, అచ్చం మనం మగ్గాల దగ్గర మాట్లాడుకున్నట్టే, నోరంతా తెరిచి పెదవులతో చెప్పాడు: "నీకే వదుల్తున్నా, ముందుకి రా." ఎదురుగా నిలబడ్డ చేతికట్టువాడు కూడా మిల్లువాడేనని మరచిపోయాడు. వాడి కాలు లేవకముందే నేను పరుగెత్తాను. బంతి నా మోకాలి కింద ఎముకకి తగిలి లోపలికి దొర్లింది. ఒకటి, సున్నా. గెలిచాం.

చెయ్యి నొప్పిగా ఉంది. ఆరు వారాలు కట్టు. ఏప్రిల్ చివరికి మళ్ళీ గోలులో ఉంటాననుకుంటున్నాను.

లెన్


మోర్‌కాంబ్
20 మార్చి

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఒకటి తక్కువైంది. అది నేను రాస్తాను.

నేను అక్కడే ఉన్నాను. ఫ్లోరీని బతిమాలి వెంటబెట్టుకుని, బస్సెక్కి వచ్చాను. నీకు చెబితే గోలులో ఉన్నంతసేపూ నాకేసి చూస్తావని చెప్పలేదు. రైల్వే వైపు గోలు వెనక, ఏడా పక్కన, కర్ర కమ్మీకి తగిలించి నిలబడ్డాను. మొదటి సగం నువ్వు మా ముందే ఉన్నావు. ఆ తలతో కొట్టిన బంతిని వేలి కొసలతో బారు మీదికి నెట్టావే, నేనైతే దాన్ని వదిలేసేవాణ్ణి. పొగడ్త కాదు.

రెండో సగంలో నువ్వు గోలు వేసింది కూడా మా వైపే. మనవాళ్ళంతా నిన్ను వాటేసుకోవడానికి పరుగెత్తుకొచ్చారు. నువ్వు ఏం చేశావు? ఒకణ్ణి తప్పించుకున్నావు, రెండోవాడి చంక కిందుగా దూరావు, చేతికట్టుతో ఆ మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుగెత్తావు. "వాడికి బుర్ర తిరిగింది, ఎటు పోతున్నాడో చూడండ్రా" అన్నారు నా వెనకాల. నువ్వు ఆల్బీ దగ్గరికి వెళ్ళావు. నీ జెర్సీ వేసుకుని ఆ చివర ఒక్కడే గెంతుతున్నవాడిని ఒంటి చేత్తో కావలించుకున్నావు.

అక్కడున్న వేలమందిలో అది ఎందుకో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మనవాళ్ళు గోలు వేసినప్పుడల్లా అవతలి చివర పదిమంది ఒకరిమీద ఒకరు పడి సంబరం చేసుకుంటారు. ఇవతల కీపరు ఒక్కడే పిచ్చివాడిలా గెంతుతాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక గోలుపోస్టుని తడతాడు. నా ఆట జీవితమంతా పోస్టుని తట్టాను. ఒక్కరైనా ఇటు పరుగెత్తి రారేమని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరితోనూ అనలేదు, నవ్వుతారని. నువ్వు పరుగెత్తావు.

నేను ఏడ్చాను. దాచను. ఏడా తన శాలువా కొసతో నా మొహం తుడిచి, ఒక పిప్పరమెంటు బిళ్ళ నోట్లో పెట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు నన్ను వాటేసుకుని బుగ్గమీద ముద్దు పెట్టాడు. గోలు పడ్డాక నన్నొకరు వాటేసుకోవడం అదే మొదటిసారి. నీ పుణ్యమే.

చెయ్యి జాగ్రత్త. కదపకు.

హెడ్లీ అన్న


క్రాస్‌బెక్
23 ఏప్రిల్

అన్నా,

కట్టు విప్పారు. మణికట్టులో చిన్న ఎముక ఒకటి అతకలేదట. చెయ్యి ముందుకి వంగుతోంది, వెనక్కి వంగడం లేదు. ఇంకెప్పటికీ వంగదని డాక్టరు చెప్పాడు. కీపరుకి అరచెయ్యి వెనక్కి వంగకపోతే ఏముంది ఇంక?

నిన్న క్లబ్బు తలుపుకి వచ్చే ఏడాది ఉండేవాళ్ళ పేర్లు అంటించారు. మీ పేరు లేదు, నా పేరు లేదు. టార్డాఫ్ గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. మా అమ్మ ఇచ్చిన టీ తాగలేదు, కప్పు చేతిలో పట్టుకునే కూర్చున్నారు. చెప్పాల్సింది ఆయన చెప్పలేకపోతుంటే, చెప్పకపోయినా తెలుసండీ అన్నాను. పాపం, ఆయనకి కళ్ళనీళ్ళొచ్చాయి.

నవంబరులో మొదలై మార్చిలో అయిపోయింది. ఒక్క చలికాలం. నిన్న రాత్రి బాగా ఏడ్చాను. మా అమ్మ పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఆలోచిస్తే, అన్నా, నాకు తక్కువేం జరిగింది? మీ జెర్సీ వేసుకున్నాను. ఊళ్ళో అందరికీ నా పేరు తెలిసింది. ఏడా రేషను బిళ్ళలు తిన్నాను. మీరు దొరికారు. మిల్లు యజమాని రావెన్స్‌క్లఫ్‌తో మన ఆట చూశాడట, మగ్గాలు ఆపేసిన ఈ రోజుల్లో కూడా పిలిచి గిడ్డంగిలో బట్ట కొలిచే పని ఇచ్చాడు. ఎడమ చేత్తో చేసుకోవచ్చు, ధూళి ఉండదు. ఆ గోలు నాకు అన్నం పెడుతోంది. మా అమ్మని పని మానిపించాను. ఎవరిమీదా నాకు కోపం లేదు. మీకైతే జన్మంతా రుణపడి ఉంటాను.

గ్రౌండుకి మాత్రం రాలేను. డర్హాం నుంచి కొత్త కీపర్ని తెచ్చారు, ఈ శనివారమే అతని మొదటి ఆట. ఆ గోలులో ఇంకొకర్ని చూసే ధైర్యం నాకు లేదు. శనివారాలు పెరట్లో బంగాళాదుంపలు పాతుకుంటాను.

లెన్


మోర్‌కాంబ్
24 ఏప్రిల్

తమ్ముడూ,

బంగాళాదుంపలు ఆదివారం పాతుకో.

నాకూ ధైర్యం లేదు. ఉందని ఎవరన్నారు? మార్చిలో నిన్ను ఆ గోలులో చూడ్డానికి వచ్చినప్పుడు బస్సులోంచి దిగకుండా అలాగే వెనక్కి పోదామనుకున్నాను. ఫ్లోరీ డొక్కలో పొడిచి దింపింది. మొదటి పావుగంట నరకం. తర్వాత నువ్వు ఎటు పడతావో ముందే తెలుస్తూ వచ్చింది, నా చేతులు వాటంతటవే కదిలాయి. ఆ కాలు తప్ప మిగతా నేనంతా అక్కడే ఉన్నాను. నీకూ అలాగే అవుతుంది. నా మాట కాదు, నీ కళ్ళే నమ్ము. కానీ ముందు వాటిని అక్కడికి తీసుకురా.

డర్హాం వాడికి మన ఊళ్ళో ఒక్కరూ తెలియదు. మనవాళ్ళు గోలు వేస్తే ఆ చివర ఒక్కడే గెంతుతాడు. మనిద్దరం వాడి వెనకాల కమ్మీ దగ్గర ఉందాం. రెండో సగంలో వాడు గోలు మారితే మనమూ ఆ చివరికి మారదాం. నేను మెట్లు దిగాలంటే ఎవరి భుజమైనా కావాలి, నీ ఎడమ భుజం బాగానే ఉందిగా.

రెండు గంటలకి రైల్వే వైపు గేటు దగ్గర ఉంటాను. ఫ్లోరీ మాంసం పేస్ట్రీలు కట్టి ఇస్తోంది. ఆలస్యం చెయ్యకు, చల్లారితే ఆవిడ చేసినవి తినలేం.

హెడ్లీ


క్రాస్‌బెక్
28 ఏప్రిల్

అన్నా,

బస్సులో కాలు నొప్పి పెట్టలేదు కదా. మా అమ్మ అడగమంది.

గోలు వేస్తే వాటేసుకుందామని అంత దూరం కుంటుకుంటూ ఈ చివరా ఆ చివరా తిరిగితే, మనవాళ్ళు ఒక్కటంటే ఒక్కటి వెయ్యలేదు. సిగ్గులేని మనుషులు. ఆ డర్హాం కుర్రాడు రెండు తిన్నాడు. రెండోదానికి ముందు వాళ్ళ వింగ్ వాడి పెదవులు నేను చదివాను. "దూరం పోస్టు" అని మీతో అన్నాను. మీరు కర్ర లేపి అతనికి అరిచి చెప్పారు. అతను వినిపించుకోలేదు. మీ మొహం చూడాల్సింది, ఆ గోలు మీరే తిన్నట్టు పెట్టారు. నాదీ అలాగే ఉండి ఉంటుంది.

నేను మొదటి పావుగంట కళ్ళు మూసుకునే ఉన్నానని మీకు తెలుసు. తెలిసీ ఏమీ అననందుకు చాలా థాంక్స్.

ఆట అయ్యాక అతను వలలోంచి టోపీ తీసుకుంటూ మనవైపు తిరిగి, "ఎవరండీ మీరిద్దరూ? ఆటంతా నా వెనకాలే తిరుగుతున్నారు" అన్నాడు. ఏమని చెప్పాలి, ఒక చలికాలం ఇక్కడ నిలబడ్డానని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కీపర్లం" అన్నారు. నన్నూ కలిపి అన్నారు.

వచ్చే శనివారం ముందే వస్తాను.

మీ
లెన్